ఫారాలు లెక్కపెట్టాకే డబ్బు: క్రైస్తవ విశ్వాస సమర్థన గ్రంథాల తొలి ముద్రణల సేకరణలో నా అనుభవం

ఇంగ్లండ్ మతాచార్యుడు జోసెఫ్ బట్లర్ క్రైస్తవ విశ్వాసాన్ని సమర్థిస్తూ రాసిన ‘అనాలజీ ఆఫ్ రిలిజియన్’ 1736 లండన్ క్వార్టోను (పెద్ద సైజు తొలి ముద్రణను) మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్లు ఒకచోట గతుక్కుమంటారు. ఉపోద్ఘాతం పేజీలకు రోమన్ అంకెలు, ఒకటి నుంచి పది దాకా. పదో పేజీకి ఎదురుగా ఉన్న పేజీ మీద మామూలు అంకెల్లో 11 అని ఉంటుంది. అసలు గ్రంథం మొదటి పది పేజీలు ఎవరో చించేశారేమో అనిపిస్తుంది. ఏమీ పోలేదు. అచ్చువేసినవాళ్లు అంకెల రూపం మార్చారు, లెక్క మాత్రం కొనసాగించారు. అక్కడి నుంచి 320 దాకా వరసగా నడుస్తుంది. వీటన్నిటికీ ముందు అంకెలు వేయని పది పేజీలు ఉంటాయి. ముఖపత్రం, లార్డ్ ఛాన్సలర్ టాల్బట్‌కు అంకితం, 1736 మే తేదీ వేసిన చిన్న ప్రకటన, విషయసూచిక అందులోవే.

ఈ సంగతి తెలియకపోతే నిక్షేపంలాంటి ప్రతిని లోపముందని వదిలేస్తాం. లేదా నిజంగా ఆకులు పోయిన ప్రతిని ‘పాత పుస్తకాలన్నీ ఇంతే’ అనుకుని కొనేస్తాం. రెండింటికీ మందు ఒక్కటే. పేజీ అంకెల మీద ఆధారపడకుండా ఫారాలు లెక్కపెట్టాలి.

ఫారం అన్న మాట మన ప్రెస్సులవాళ్లది. పెద్ద కాగితం మీద అచ్చువేసి, మడిచి, కుట్టడానికి సిద్ధం చేసిన ఒక్కో మడతను ఫారం అంటారు. కాగితాన్ని రెండుసార్లు మడిస్తే 4 ఆకులు, 8 పేజీలు. అదే క్వార్టో. మూడుసార్లు మడిస్తే 8 ఆకులు, 16 పేజీలు. అది ఆక్టేవో. తెలుగు పుస్తకాల మీద ఇప్పటికీ కనిపించే ‘డెమ్మీ 1/8’లోని 1/8 ఇదే. 12 ఆకులు వచ్చేలా మడిస్తే డ్యుయోడెసిమో. బట్లర్ క్వార్టోలో 320 పేజీలను 8తో భాగిస్తే 40 ఫారాలు రావాలి. బైండరు వరస తప్పకుండా ఉండడానికి ప్రతి ఫారం మొదటి ఆకు అడుగున ఒక అక్షరం వేస్తారు. ఆనాటి అచ్చుశాల వర్ణమాలలో 23 అక్షరాలే. ఐ, జె రెండింటికీ ఒకటే, యు, వి రెండింటికీ ఒకటే, డబ్ల్యూ లేనే లేదు. ‘ఎ’ని ముందు పేజీలకు వదిలేసి గ్రంథాన్ని ‘బి’తో మొదలుపెడతారు. బి నుంచి జెడ్ దాకా 22 ఫారాలు. తర్వాత జంట అక్షరాలు. జంట ‘ఎ’ నుంచి 18 లెక్కపెడితే జంట ‘ఎస్’. 22కు 18 కలిపితే 40. లెక్క కుదిరింది. అంటే 177వ పేజీ అడుగున జంట ‘ఎ’ కనబడాలి. కనబడకపోతే అంతకు ముందెక్కడో ఆకు తేడా ఉన్నట్టే. ఈ ఒక్క లెక్క వేసుకుని కూర్చుంటే, అమ్మేవాళ్లు పంపిన ఐదారు ఫొటోలతోనే సగం సంగతి తేలిపోతుంది.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఈ పుస్తకాల్లో వాదం గొలుసుకట్టుగా నడుస్తుంది. మధ్యలో ఒక్క ఆకు పోయినా తర్వాతి పేజీ ఏ మెట్టు మీద నిలబడిందో తెలియదు. బట్లర్ క్వార్టో చివర వ్యక్తి తాదాత్మ్యం (నిన్నటి మనిషీ నేటి మనిషీ ఒకరే అనడానికి ఆధారమేమిటన్న ప్రశ్న) గురించి ఒకటి, సద్గుణం గురించి ఒకటి, రెండు చిన్న వ్యాసాలున్నాయి. తత్వవేత్త జాన్ లాక్ ప్రతిపాదించిన వ్యక్తి భావనకు బట్లర్ ఇచ్చిన జవాబు ఆ మొదటి వ్యాసంలోనే ఉంది. తత్వశాస్త్ర విద్యార్థులు ఈ రోజుకీ చదివేది ఎక్కువగా ఆ కొద్ది పేజీలే. పుస్తకం వెన్ను విరిగితే ముందుగా ఊడేవి చివరి ఫారాలు. అందుకే ఫొటోలు అడిగేటప్పుడు ముఖపత్రం కంటే ముందు 320వ పేజీ అడుగుతాను.

నా పరిధి 1627 నుంచి 1802 దాకా, డచ్చి పండితుడు గ్రోషియస్ నుంచి ఇంగ్లీషు మతాచార్యుడు పేలీ దాకా. అంతకుముందువి ఆగస్టీన్, అక్వినాస్‌ల తొలి ముద్రణలు. అవి మ్యూజియంలు, సంస్థలు కొనే ధరల్లో ఉంటాయి. ఆ తర్వాతి 19వ శతాబ్దంలో ప్రతులు విపరీతంగా దొరుకుతాయి గానీ పునర్ముద్రణల అడవిలో దారి తప్పడం తేలిక. ఈ 175 ఏళ్లలోనే నాస్తికులకు, దేవుణ్ణి ఒప్పుకున్నా దైవవాక్కును ఒప్పుకోని డీయిస్టులకు జవాబుగా అసలైన తాత్విక గ్రంథాలు వచ్చాయి.

హ్యూగో గ్రోషియస్ ‘డి వెరిటాటె’కు (క్రైస్తవ మత సత్యం గురించిన గ్రంథానికి) మన తీరంతో చుట్టరికం ఉంది. లోవెస్టైన్ కోటలో ఖైదీగా ఉన్నప్పుడు దీన్ని ముందు డచ్చి పద్యంగా రాశాడు. అది 1622లో అచ్చయింది. దూరదేశాలకు ఓడల మీద వెళ్లే డచ్చి నావికులు అక్కడ అన్యమతస్తులతో మాట్లాడేటప్పుడు పనికొస్తుందని ఆయన ఉద్దేశం. ఆ ఓడలు ఆగిన రేవుల్లో మన మచిలీపట్నం ఒకటి. లాటిన్ రూపం 1627లో లైడెన్‌లో వచ్చింది, జేబులో పట్టే చిన్న డ్యుయోడెసిమో. 1640 పారిస్ ముద్రణలో ఆయన తన వివరణలు చేర్చాడు. 1660లో ఎడ్వర్డ్ పోకాక్ అరబిక్ అనువాదం ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చయింది. పరిశోధనకు పనికొచ్చేది వివరణలున్న రూపం, తొలి ముద్రణగా విలువైనది 1627. రెంటినీ కలిపేసి వర్ణించే జాబితాలు చాలా ఉంటాయి. ముఖపత్రం మీద తేదీ చదవడం ముందుగా నేర్చుకోవాలి. అప్పటి లాటిన్ పుస్తకాల్లో సి, ఐ, తిరగేసిన సి కలిపితే 1000. ఐ పక్కన తిరగేసిన సి ఉంటే 500. వీటిని మామూలు అక్షరాలనుకుని చదివితే వందేళ్లు అటూ ఇటూ అయిపోతాయి.

బాయిల్ ఉపన్యాసాలది వేరే చిక్కు. శాస్త్రవేత్త రాబర్ట్ బాయిల్ తన వీలునామాలో ఏడాదికి 50 పౌండ్లు కేటాయించి, అవిశ్వాసులకు జవాబుగా ప్రసంగాలు ఇప్పించమన్నాడు. 1692లో మొదట ఇచ్చినవాడు రిచర్డ్ బెంట్లీ. ఆయన ఎనిమిది ప్రసంగాలు దేనికది విడి క్వార్టోగా అచ్చయ్యాయి. తర్వాత అన్నిటికీ కలిపి 1693 ముఖపత్రం వేసి అమ్మారు. దాంతో ‘1693 తొలి ముద్రణ’ అని వచ్చే సంపుటాల్లో లోపలి ప్రసంగాలు కొన్ని మొదటి ముద్రణవి, కొన్ని తర్వాతి ముద్రణలవి కలిసి ఉంటాయి. ఇది మోసం కాదు, ఆనాటి అమ్మకం తీరే అది. కానీ ధర మొత్తం సంపుటం తొలి ముద్రణ అన్నట్టు అడుగుతారు. ఎనిమిది ముఖపత్రాల ఫొటోలు విడివిడిగా అడిగి, ఎన్ని మొదటివో లెక్కగట్టి బేరం చేస్తాను. చివరి ప్రసంగాల్లో బెంట్లీ న్యూటన్ సిద్ధాంతాన్ని వాడుకున్నాడు. వాటి విషయంలో న్యూటన్ స్వయంగా బెంట్లీకి ఉత్తరాలు రాశాడు. అందుకని ఆ చివరివి మొదటి ముద్రణవైతే మిగతావాటి విషయంలో కాస్త సర్దుకుంటాను.

తత్వవేత్త బర్క్లీ రాసిన ‘ఆల్సిఫ్రాన్’ 1732, రెండు సంపుటాలు, ఆక్టేవో, ముఖపత్రం మీద రచయిత పేరు ఉండదు. రెండో సంపుటం చివర దృష్టి గురించిన ఆయన పాత వ్యాసం చేర్చి ఉంటుంది. అది ఉందో లేదో చూడాలి. అదే ఏడాది లండన్‌లో రెండో ముద్రణ, డబ్లిన్‌లో ఇంకొకటి వచ్చాయి. బట్లర్‌దీ అంతే. 1736లోనే ఆక్టేవోలో సవరించిన రెండో ముద్రణ, విడిగా డబ్లిన్ ముద్రణ. బ్రిటన్ కాపీరైట్ చట్టం అప్పట్లో ఐర్లండ్‌కు వర్తించలేదు కాబట్టి డబ్లిన్ ప్రెస్సులు లండన్ పుస్తకాలను వెంటనే వేసేసేవి. కనక ఏడాది ఒక్కటే చూసి కొనకూడదు. ఊరు, సైజు, ప్రచురణకర్త పేరు మూడూ కలవాలి. బట్లర్ అయితే లండన్, క్వార్టో, జేమ్స్, జాన్, పాల్ నాప్టన్. సవరణలున్న ఆక్టేవో కూడా నా దగ్గర ఉండాలనే అంటాను. బట్లర్ వాదం ఆయన కోరుకున్న రూపంలో చదవాలంటే అదే కావాలి, పైగా ధర బాగా తక్కువ. దాని పక్కనే డీయిస్టు మాథ్యూ టిండల్ 1730 క్వార్టో, ‘క్రిస్టియానిటీ యాజ్ ఓల్డ్ యాజ్ ది క్రియేషన్’ పెట్టుకోవాలి. బట్లర్ ఎవరికి జవాబు చెబుతున్నాడో ఎదుట లేకపోతే ఆయన అంత నెమ్మదిగా, అంత జాగ్రత్తగా ఎందుకు మాట్లాడుతున్నాడో అర్థం కాదు. ప్రత్యర్థి పుస్తకాలు కొనని సమర్థన సేకరణ సగం సేకరణే అని నా గట్టి నమ్మకం.

ఇక వెతకడం. ఇంటర్నెట్‌లో ‘బట్లర్ అనాలజీ 1736’ అని కొడితే వచ్చేవాటిలో చాలా భాగం ప్రింట్ ఆన్ డిమాండ్ పేపర్‌బ్యాకులు. స్కాన్ చేసిన పాత పుస్తకాన్నే మళ్లీ అచ్చువేసి, తేదీ దగ్గర 1736 అని పెడతారు. ధర చూస్తే తెలుస్తుంది, కొన్నిసార్లు ధర కూడా మభ్యపెడుతుంది. వెతికే పెట్టెలో ఐఎస్‌బీఎన్ ఉన్నవి తీసేయమని, ప్రచురణ సంవత్సరం 1800 లోపు అని, ప్రచురణకర్త ‘నాప్టన్’ అని పెడితే జాబితా చప్పున తగ్గిపోతుంది. ఇండియాలో నేరుగా దొరికేవి తక్కువ. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, పాత మిషన్ స్కూళ్ల, పాస్టర్ల ఇళ్ల పుస్తకాల్లో 19వ శతాబ్దపు పేలీ, బట్లర్ పునర్ముద్రణలు కనబడతాయి. వాటిని తీసిపారేయను. బ్రిటన్ మాజీ ప్రధాని గ్లాడ్‌స్టన్ 1896లో ఆక్స్‌ఫర్డ్ క్లారెండన్ ప్రెస్ ద్వారా తెచ్చిన బట్లర్ రచనలు తొలి ముద్రణ చదవడానికి మంచి తోడు. కానీ 18వ శతాబ్దపు అసలు ప్రతి కోసం లండన్, పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ అమ్మకందార్లనే చూడాలి.

వాళ్ల వర్ణనల్లో కొన్ని మాటలకు అర్థం గట్టిగా తెలిసుండాలి. ‘రీబ్యాక్డ్’ అంటే వెన్ను కొత్తది. ‘షేవ్డ్’ అంటే మళ్లీ బైండు చేసినప్పుడు కత్తి అక్షరాల దాకా వచ్చింది. ‘వాష్డ్’ అంటే మరకలు పోవడానికి కాగితాన్ని కడిగారు, దాంతో కాగితంలో పట్టించిన జిగురు పోయి మెత్తబడింది. ‘మేడ్ అప్’, ‘సొఫిస్టికేటెడ్’ అంటే లేని ఆకులను ఇంకో ప్రతి నుంచి తెచ్చి అతికారు. ‘నాట్ కొలేటెడ్’ అంటే ఆకులు లెక్కపెట్టలేదు. వేలంలో ‘విత్ ఆల్ ఫాల్ట్స్’ అని ఉంటే తర్వాత ఏ లోపం బయటపడినా వాపసు లేదు. ఈ చివరి రెండూ ఉంటే, ఆకులు లెక్కపెట్టి చెప్పమని ఉత్తరం రాస్తాను. జవాబు రాకపోతే ఆ ప్రతి జోలికి వెళ్లను. లోపం ముందే చెప్పిన ప్రతిని మాత్రం సంతోషంగా కొంటాను.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది ఫ్రెంచి గణితవేత్త, తత్వవేత్త పాస్కల్ విషయంలో. ఆయన 1662లో పోయాడు. క్రైస్తవ మతాన్ని సమర్థిస్తూ రాయాలనుకున్న గ్రంథం కాగితం ముక్కలుగా మిగిలింది. పోర్ట్ రాయల్ మఠానికి చెందిన మిత్రులు వాటిని ఏరి, కొన్ని వదిలి, వాక్యాలు సవరించి, 32 శీర్షికల కింద సర్దారు. పారిస్‌లో గియోమ్ దెప్రే 1670లో ప్రచురించాడు. డ్యుయోడెసిమో, గ్రంథ భాగం 365 పేజీలు. దాని ముందు అంకెలు లేని 41 ఆకులు, చివర విషయపట్టిక 10 ఆకులు. గ్రంథం మొదటి పేజీ తలపట్టీ మీద కట్టడం ఆగిపోయిన భవనం బొమ్మ, ‘పనులు మధ్యలో ఆగి ఉన్నాయి’ అనే వర్జిల్ లాటిన్ మాటలు చెక్కి ఉంటాయి. ఆ ఒక్క బొమ్మలో పుస్తకం కథంతా ఉంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

1670 తేదీతో ఒకటి కంటే ఎక్కువ ముద్రణలున్నాయి, దొంగ ముద్రణలతో సహా. 1669 తేదీ ఉన్న ప్రతులు లైబ్రరీల్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అవి అంగట్లోకి వచ్చేవి కావు. కాబట్టి 1670లో ఏది ముందుదో తేల్చడమే పని. నేను ముందు తప్పొప్పుల పట్టిక చదువుతాను. అందులో చెప్పిన తప్పు ఫలానా పేజీ, ఫలానా వరసలో నిజంగా ఉందా అని చూస్తాను. ఉంటే ఆ పేజీ ముందు కూర్చిన అచ్చు. తప్పు సరిదిద్ది ఉంటే, పట్టిక ఉన్నా లేకున్నా ఆ పేజీ తర్వాత సరిదిద్దినదో, మళ్లీ కూర్చినదో అయి ఉంటుంది. తర్వాత పేజీ చివరి వరస, తర్వాతి పేజీ మొదటి మాట ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం తన గాలికా వెబ్‌సైట్‌లో పెట్టిన స్కాన్‌తో ఒక్కో పేజీ పోల్చుకుంటాను. మళ్లీ అచ్చు కూర్చినప్పుడు వరసలు సాధారణంగా ఎక్కడో ఒకచోట జరుగుతాయి. 365 పేజీలకు రెండు సాయంత్రాలు పడుతుంది. వేల యూరోలు పెట్టేముందు రెండు సాయంత్రాలు ఎక్కువేం కాదు.

అంకెలు లేని ముందు ఆకులు పాస్కల్‌లో తరచూ తగ్గుతాయి. అందులో ముందుమాట ఉంటుంది, మతాధికారులు, పండితులు ఇచ్చిన ఆమోద పత్రాలు ఉంటాయి. చదివేవాళ్లకు ఆమోద పత్రాలు అక్కర్లేదు కనక పాత బైండర్లు కొందరు వాటిని పడేశారు. పందెం వాదం (దేవుడున్నాడని పందెం కాయడమే లాభమన్న పాస్కల్ వాదం) ఏడో శీర్షిక కింద ఉంటుంది. దాన్ని ఈ ముద్రణలో ఒకసారి, చేతిరాత ఆధారంగా వచ్చిన నేటి ముద్రణలో ఒకసారి చదవాలి. పోర్ట్ రాయల్ వాళ్లు ఎక్కడ మెత్తబరిచారో కళ్లకు కడుతుంది. 1842లో విక్టర్ కూజా ఈ తేడాలను ఎత్తిచూపి కొత్త ముద్రణ కావాలన్నాడు, 1844లో ఫోజేర్ చేతిరాత ప్రతి నుంచి తెచ్చాడు. కాబట్టి పాస్కల్ మీద నిజంగా మనసున్నవాళ్లకు 1670, చేర్పులున్న 1678, ఈ 1844 మూడూ కావాలి. మూడోది సామాన్యులకూ అందే ధర. ఇంగ్లీషులో మొదటిది జోసెఫ్ వాకర్ 1688 అనువాదం.

పుస్తకం చేతికొచ్చాక నా బల్ల మీద ఉండేవి పది రెట్లు పెద్దగా చూపించే లూప్, మిల్లీమీటర్ల స్కేలు, సన్నటి ఎల్‌ఈడీ పలక, అతినీలలోహిత టార్చి, మెత్తటి పెన్సిలు. చేతులు సబ్బుతో కడిగి బాగా ఆరబెట్టుకుంటాను. తొడుగులు వేసుకోను. గుడ్డ తొడుగుతో ఆకు అంచు తెలియదు, చిరుగుతుంది. పుస్తకాన్ని బల్ల మీద పూర్తిగా తెరవకుండా రెండు వైపులా దిండ్లు పెట్టి 90 నుంచి 110 డిగ్రీల మధ్య తెరుస్తాను.

ముందు కాగితం వెలుతురుకు పెట్టి చూడాలి. చేత్తో ఎత్తిన కాగితంలో దాదాపు అంగుళం దూరంలో చైన్ గీతలుంటాయి. క్వార్టోలో అవి అడ్డంగా పోతాయి, వాటర్‌మార్కు వెన్ను మడత మధ్యలో ఇరుక్కుని ఉంటుంది. ఆక్టేవోలో గీతలు నిలువు, వాటర్‌మార్కు వెన్ను పైమూలలో ఉంటుంది. ఒక్క ఆకులో గీతల దిశ మారిందంటే, లేదా గీతల మధ్య దూరం మారిందంటే, ఆ ఆకు ఎక్కడి నుంచో వచ్చింది. తర్వాత ఫారం ఫారంగా కుట్టు చూడాలి. నాలుగు ఆకుల ఫారంలో దారం రెండో ఆకు, మూడో ఆకు మధ్యన కనబడుతుంది. మొదటి ఆకు, నాలుగో ఆకు ఒకే కాగితం. రెండో ఆకు, మూడో ఆకు ఒకే కాగితం. ఒకటి పోతే జత ఆకు ఊగుతుంది, లేదా జిగురుతో అతికించి ఉంటుంది.

ఆకు కోసేసి వెన్ను దగ్గర పీలిక మాత్రం మిగిల్చి, దానికి కొత్త ఆకు అతికించి ఉంటే కంగారు పడనక్కర్లేదు. అచ్చయ్యాక తప్పు కనబడి ప్రచురణకర్తే ఆ ఆకు మార్పించి ఉండవచ్చు. అలాంటి ఆకు వేరే ప్రతుల్లోనూ అదే చోట ఉంటుంది. అన్ని ప్రతుల్లో ఉంటే అది పుస్తకం చరిత్ర, మన ప్రతిలో మాత్రమే ఉంటే మరమ్మతు. తేల్చుకోవడానికి కనీసం రెండు స్కాన్‌లు చూస్తాను.

నకలు ఆకును పట్టుకునేది లూప్. సీసపు అక్షరం కాగితాన్ని నొక్కుతుంది. పక్క నుంచి దీపం వేస్తే ఆకు వెనకవైపు చిన్న ఉబ్బు కనబడుతుంది, సిరా అక్షరం అంచుకు తోసుకొచ్చి చిక్కగా ఉంటుంది. లిథోలో అక్షరం చదునుగా ఉంటుంది, ఇంక్‌జెట్‌లో చుక్కలు కనిపిస్తాయి. అతినీలలోహిత టార్చి కింద పాత గుడ్డపీలికల కాగితం మెరవకుండా మసకగా ఉంటుంది. 20వ శతాబ్దం నడిమి తర్వాతి కాగితంలో తెలుపు రసాయనాలుంటే నీలంగా మెరుస్తుంది. ముఖపత్రం, చివరి ఆకు, తప్పొప్పుల పట్టిక ఈ మూడూ టార్చి కింద పెట్టకుండా ఏ పుస్తకాన్నీ అల్మారాలోకి పంపను. ఎక్కువగా మార్చేవి ఇవే.

విలియం పేలీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు సరైన మెట్టు. ‘ఎవిడెన్సెస్ ఆఫ్ క్రిస్టియానిటీ’ 1794, ఫాల్డర్ ప్రచురణ, మూడు డ్యుయోడెసిమో సంపుటాలు. అదే ఏడాది రెండు ఆక్టేవో సంపుటాలుగా రెండో ముద్రణ వచ్చింది. మూడు సంపుటాలు ఒకే బైండింగులో, ఒకే యజమాని సంతకంతో ఉండడం ముఖ్యం. విడి సంపుటాలు పోగుచేసి సెట్టు కట్టినప్పుడు ఎత్తుల్లో రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. అందుకే స్కేలు. ‘నేచురల్ థియాలజీ’ 1802, ఒకే ఆక్టేవో సంపుటం, 579 పేజీలు, బీడు మీద దొరికిన గడియారంతో మొదలవుతుంది. దీంట్లో బొమ్మలు లేవని లోపంగా రాసేవాళ్లున్నారు. తొలి ముద్రణలో బొమ్మలు అసలే లేవు. జేమ్స్ పాక్స్‌టన్ వేయించిన చిత్రాలు 1826లో వచ్చాయి. ఈ కాలానికి చైన్ గీతలు లేని నున్నటి కాగితం వాడకంలోకి వచ్చింది, కాబట్టి గీతల పరీక్ష పనిచేయకపోవచ్చు. దానికి బదులు ఇంకొకటి దొరుకుతుంది. 1794 తర్వాత బ్రిటిష్ కాగితం వాటర్‌మార్కులో సంవత్సరం వేయడం మొదలైంది. ముఖపత్రం తేదీ కంటే తర్వాతి సంవత్సరం లోపలి కాగితంలో కనబడితే ఆ ఆకు సంగతి గట్టిగా విచారించాలి.

ఇండియాకు తెప్పించేటప్పుడు ఇన్‌వాయిస్‌లో రచయిత, పేరు, ఊరు, ముద్రణ సంవత్సరం, ‘వందేళ్లు దాటిన అచ్చు పుస్తకం’ అన్న వర్ణన, కట్టిన ధర ఉన్నదున్నట్టు రాయించాలి. ధర తక్కువ చూపిస్తే దారిలో పుస్తకం పోయినప్పుడు బీమా అంతే వస్తుంది, కస్టమ్స్‌లో సంజాయిషీ వేరే. కొరియర్‌కు గుర్తింపు పత్రాలు ముందే పంపకపోతే పెట్టె గోడౌనులో కూర్చుంటుంది. వర్షాకాలంలో అది ప్రమాదం. సుంకం రేట్లు బడ్జెట్‌తో మారుతుంటాయి కాబట్టి పంపించేముందే కస్టమ్స్ ఏజెంటును అడుగుతాను. దిగుమతి కాగితాలు పుస్తకంతోపాటు జీవితాంతం దాచాలి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన వస్తువు దేశం దాటించడానికి ఆంక్షలున్నాయి, చేతిరాత ప్రతులకైతే 75 ఏళ్లే. అమెరికాలోనో లండన్‌లోనో ఉంటున్న పిల్లల దగ్గరికి రేపు ఈ పుస్తకం పంపాలన్నా, ఇది బయటి నుంచి వచ్చిందేనని చూపే కాగితం చేతిలో ఉండాలి.

నిల్వ దగ్గర మన వాతావరణం పరీక్ష పెడుతుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉంటే మంచిది. 65 దాటి నిలిస్తే బూజు. మే నెల హైదరాబాదులో తోలు ఎండి కీళ్ల దగ్గర పగులుతుంది, విశాఖలో ఏడాది పొడుగునా బూజు భయం. అల్మారాలో చిన్న తేమ మీటరు, గోడకు మూడు అంగుళాలు ఎడంగా అల్మారా, కిందటి అర ఖాళీ. గ్రోషియస్ లాంటి డచ్చి పుస్తకాలకు తెల్లటి వెల్లం (సన్నగా చేసిన జంతు చర్మం) అట్టలుంటాయి. తేమ మారినప్పుడల్లా అవి వంగి పుస్తకం నోరు తెరుస్తుంది. వాటిని సరిపడా పెట్టెలో బిగువుగా ఉంచాలి.

పురుగు కనబడితే గమాక్సిన్, నాఫ్తలీన్ వద్దు. ఆవిరి మనకూ మంచిది కాదు, కాగితానికీ కాదు. తాళపత్రాలకు వస కొమ్ములు పెట్టడం మన పెద్దల అలవాటు. గుడ్డ మూటలో కట్టి అర మూలన పెడితే అభ్యంతరం లేదు, పుస్తకం లోపల మాత్రం పెట్టకూడదు. ఎండు వేపాకులూ అంతే, పొడై మరకలు చేస్తాయి. పురుగుపట్టిన పుస్తకాన్ని రెండు పాలిథిన్ సంచుల్లో గాలి తీసి మూసి, ఇంటి ఫ్రీజర్‌లో మైనస్ 18 దగ్గర రెండు వారాలు ఉంచుతాను. తీశాక సంచి విప్పకుండా 24 గంటలు బయట వదలాలి. వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది.

ఎర్రటి పొడి రాలే తోలుకు నూనె రాయకండి. ఆ పొడి ఎండిపోవడం వల్ల రాదు, గాలిలోని గంధకపు కాలుష్యం తోలులో ఆమ్లమై దాన్ని తినేయడం వల్ల వస్తుంది. నూనె రాస్తే నల్లబడి, కాగితంలోకి దిగుతుంది. ఆల్కహాలులో కలిపిన ఒకటి రెండు శాతం క్లూసెల్ జి (సెల్యులోజ్ నుంచి చేసిన జిగురు) పలచగా పూస్తే పొడి నిలుస్తుంది. ఇక బజారులో బైండరు దగ్గరికి ఇలాంటి పుస్తకాన్ని ఎంత ప్రేమతోనూ తీసుకెళ్లొద్దు. ఆయన పనిమంతుడే, కానీ ఆయన అలవాటు మూడు వైపులా కటింగ్ మిషన్ వేసి, మైలుతుత్తం కలిపిన మైదా జిగురుతో రెక్సిన్ అట్ట కట్టడం. మిషన్ అంచుల్లోని పాత చేతిరాతలను కోసేస్తుంది. మైలుతుత్తంలోని రాగి కాగితాన్ని లోపలి నుంచి చివికిస్తుంది. చిరుగుకు జపాన్ టిష్యూ, గోధుమ గంజి చాలు. అట్ట ఊడితే తెల్లటి నూలు టేపు కట్టి, పెట్టెలో పెడితే చాలు.

చివరగా ఒక చీటీ. ఆమ్లం లేని కాగితం, బొటనవేలంత వెడల్పు, 2బి పెన్సిలు. వెనక అట్ట లోపల వదులుగా ఉంచుతాను, అతికించను. బట్లర్ చీటీ మీద ఇలా రాసి ఉంటుంది: ‘ముందు 5 ఆకులు సరి. బి నుంచి జంట ఎస్ దాకా 40 ఫారాలు సరి. పదో పేజీ ఎదుట 11, లోపం కాదు. జంట డి మూడో ఆకు కింది మూల చిరుగు, అక్షరాలకు తగలలేదు.’